ఐసు తిన్న లారీ

ఎనభైల్లో నేను బెంగుళూరులో విమానాల ఇంజన్లు పరీక్షించేచోట పనిచేసేవాణ్ణి. మబ్బుల్లో పోయేటప్పుడు ఇంజన్ మూతి దగ్గర మంచు గడ్డకట్టి, పెళ్లలుగా ఊడి లోపలికి పోతే అక్కడ తిరిగే ఫ్యాను రెక్కలు తట్టుకుంటాయా లేదా అని చూడటం మా పని. అందుకోసం నడుస్తున్న ఇంజన్లోకి మేమే ఐసు ముక్కలు విసిరేవాళ్లం. ఈ సంగతి పెళ్లిచూపుల్లో చెప్పకుండా ఉండాల్సింది.

మాచర్లలో నడివేసవి. పిల్ల తండ్రికి నాపరాళ్లు తోలే లారీ ఉంది. డ్రైవరూ ఆయనే, మెకానిక్కూ ఆయనే. ఇంజన్ల పని అనగానే ఆయన ముఖం వెలిగింది. ఐసు అనగానే ఆరిపోయింది.

"బాగున్న ఇంజన్లో ఐసుగడ్డలేస్తావా?"

"అవునండీ."

"పాడైపోతే?"

"పాడవుద్దో లేదో చూట్టానికేనండీ."

ఆయన మా అమ్మ వైపు తిరిగాడు. "ఇంజన్నే అట్టా చూసేవాడు నా పిల్లనేం చూసుకుంటాడమ్మా?"

పిల్ల నాకు తెగ నచ్చింది. సంబంధం చేజారిపోతోందని భయమేసి, "కొలిచి మరీ వేస్తామండీ" అన్నాను.

"అయితే నా బండిలో ఎయ్యి, చూద్దాం. మాచర్ల బండి ఐసుకి బెదురుద్దా ఏంది" అంటూ లేచాడు.

సోడా కొట్టు నుంచి ఊకలో పెట్టిన ఐసుగడ్డ వచ్చింది. ఆయన లారీ స్టార్ట్ చేసి బానెట్ ఎత్తాడు. వద్దని చెప్పాల్సినవాణ్ణి, పాడు అలవాటు, జేబులోంచి స్కేలూ నోటుబుక్కూ తీశాను. ముక్క కొలిచి, రాసుకుని, తిరుగుతున్న ఫ్యాను మీదికి విసిరాను.

ఠంగుమంది. ఒక రెక్క వంగి రేడియేటర్‌ని గీరేసింది. వాకిలంతా నీళ్లు. సిగ్గులేకుండా అది కూడా రాసుకున్నాను. మా అమ్మ తల పట్టుకుంది.

ఆయన ఇంజన్ ఆపి వచ్చాడు. "ఏం రాశావ్?"

"ఫెయిలనండీ."

"అల్లుడు కావాలనుకునే ఎవడన్నా పాసని రాస్తాడు." పానాల సంచి తెచ్చి నా ముందు పడేశాడు. "బాగుచెయ్. మిగతా సంగతి తర్వాత."

ఊళ్లోనే ఉన్న పిన్ని ఇంట్లో దిగి, మూడు రోజులు ఆ ఎండలో రేడియేటర్‌కి మాట్లు వేశాను. పెళ్లిచూపులకని కుట్టించిన చొక్కా మసిగుడ్డకి కూడా పనికిరాకుండా పోయింది. మూడో రోజు లారీ నిండా నాపరాళ్లతో ఊరు చుట్టొచ్చింది. చుక్క కారలేదు. ఆయన మజ్జిగ తెమ్మని కూతురికి కేకేశాడు.

ఆమె గ్లాసు అందించి, మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఐసు వెయ్యలేదు. మీరూ ఫెయిలవుతారేమోనని."