నిదానంగా సముద్రం దాకా

ఆ ఇంట్లో మనుషులు ఇద్దరు, సైకిలు ఒకటి, మంచం ఒకటి. సైకిలుకీ మంచానికీ తీరికనేది లేదు. పొద్దున్నే అతను బేకరీ నుంచి వచ్చి దిగగానే ఆమె ఆ సైకిలెక్కి ఆస్పత్రికి పోతుంది. ఆమె లేచిన మంచం మీద అతను వాలతాడు. సాయంత్రం ఆమె వచ్చి దిగగానే అతను అదే సైకిలు పట్టుకుని బేకరీకి బయల్దేరతాడు. మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకునేది గేటు దగ్గర, సైకిలు చేతులు మారే ఆ కాసేపే. పోనీ సెలవులైనా కలుస్తాయా అంటే, రొట్టెలకి సెలవున్న రోజు రోగుల దుప్పట్లకి ఉండదు.

ఆమెది ఆస్పత్రి లాండ్రీలో పని. ఉతికి ఆరిన దుప్పట్లు వేడివేడిగా బయటపడుతుంటే మడతలు పెట్టాలి. అక్కడ ఆమెని మడతమ్మ అంటారు. అతను బేకరీలో పొయ్యి దగ్గర నిలబడి రాత్రంతా రొట్టెల రేకులు లోపలికి తోస్తాడు, బయటికి లాగుతాడు. వీధిలో అతన్ని నిచ్చెన అంటారు, మొహం మీదే. అంత పొడుగు. ఆమె అతని భుజం దాకా కూడా రాదు. అంచేత రోజుకి రెండుసార్లు సైకిలు సీటు దించడం, పెంచడం ఆ కాపురంలో ఒక పెద్ద పని. సీటు కింద గుడ్డసంచిలో ఒక పానా వేలాడుతూ ఉంటుంది. పెళ్లయిన కొత్తలో అతనే దించి ఇచ్చేవాడు. తర్వాత్తర్వాత ఓపికలు తగ్గాయి. ఎవరి సీటు వాళ్లు దించుకోవడం, ఎవరి సీటు వాళ్లు పెంచుకోవడం అనే ఒప్పందం, ఎవరూ చెప్పకుండానే, కుదిరిపోయింది.

ఇద్దరి బతుకూ వేడిలోనే. ఒకరిది ఆవిరి, ఒకరిది మంట. అందుకే కాబోలు, ఒక వేసవి పొద్దున అతను సైకిలు దిగుతూ, "సముద్రం దగ్గర గాలి ఎలా ఉంటుందంటావ్?" అన్నాడు. చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి సముద్రాన్ని చూసింది ఆమె. అతను అదీ చూళ్లేదు. "ఉప్పగా ఉంటుంది, చల్లగా ఉంటుంది," అంది సీటు దించుకుంటూ. "అయితే పోదాం," అన్నాడు. "ఎలా?" "తొక్కుకుంటూ."

అలా మొదలైంది, గేటు దగ్గర మాటల్లోనే. సైకిళ్ల కొట్టువాడిని బతిమాలి ఇంకో సైకిలు తీసుకోవడం, ఇద్దరూ ముందే అడిగి ఒకేసారి సెలవు పెట్టడం, లారీల రోడ్డు కాకుండా కాలవ గట్టు పట్టుకుని పోవడం. రోజూ పొద్దున కొంత, సాయంత్రం కొంత. పొద్దున అతను కాలవ దాకా తీసుకొచ్చి ఆపిన ప్రయాణాన్ని సాయంత్రం ఆమె వంతెన దాటించేది. దుప్పట్లు మడతపెడుతూ ఆమె ఆ గట్టు మీదే ఉండేది. రోజంతా నిలబడ్డ కాళ్లకి ఆ ఊహ ఒక్కటే విశ్రాంతి. నిజం చెప్పాలంటే ఆమెకి సముద్రం అంత ముఖ్యం కాదు. రెండు సైకిళ్లు పక్కపక్కన పోవాలి, అతను ఏదో చెబుతుంటే గేటు వెయ్యాల్సిన పని లేకుండా పూర్తిగా వినాలి. అదీ ఆమెకి కావలసింది.

కింది వాటాలో అతని అక్క ఉంటుంది. ఆమెకి వదిన. కిటికీ పక్కన కుట్టుమిషన్ వేసుకుని వీధిని కూడా కుట్టేస్తూ ఉంటుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ వరస. సెలవు లేదు, రెండో సైకిలు లేదు, అప్పుడే ఏ వంతెన కింద అన్నం తినాలో తేల్చేశారు."

"నువ్వూ రా వదినా."

"నేను రోజంతా తొక్కుతూనే ఉన్నానమ్మా. ఇన్నేళ్లకీ ఈ గుమ్మం దాటలేదు," అని మిషన్ తొక్కుడుబల్లని కాలితో చూపించింది వదిన.

చలికాలం వచ్చేసరికి ప్రయాణం తీరు మారింది. మొదట్లో పొద్దున బయల్దేరితే చీకటి పడేలోగా సముద్రం అన్నాడు. తర్వాత మధ్యలో ఒక రాత్రి ఎక్కడైనా ఆగుదామన్నాడు. ఆపైన రెండు రాత్రులన్నాడు. ప్రతి వంతెన దగ్గరా దిగాలి, ప్రతి చెట్టు కిందా కూర్చోవాలి, ఎత్తు వచ్చిన చోటల్లా దిగి నడిపించుకోవాలి.

"ఏమయ్యా, సముద్రమేమన్నా వెనక్కి జరుగుతోందా?" అంది ఆమె ఒక సాయంత్రం.

"తొందరేముందే? నిదానమే ప్రధానం."

ఆమెకి నవ్వొచ్చింది. ఆ మాట చల్లగానూ తోచింది. రాత్రంతా పొయ్యి తరుముతుంటే పరుగెత్తే మనిషి, నిదానం కోరుకోవడంలో వింతేముంది?

ఇంకో మార్పు కూడా వచ్చింది. అది ఆమెని నిలువునా కరిగించేసింది. ఒక పొద్దున ఆమె పానా కోసం వంగబోతుంటే సీటు అప్పటికే దిగి ఉంది. సరిగ్గా ఆమె ఎత్తుకి. "దించి ఉంచానులే, ఎక్కు," అన్నాడు. ఆ మర్నాడూ అంతే. ఆ తర్వాత రోజూ అంతే. సాయంత్రాలు కూడా, "నువ్వు పైకెళ్లి పడుకో, సీటు నేను పెంచుకుంటాలే," అని పంపేసేవాడు. ఆమె కళ్లు మూసుకుపోతూ మెట్లెక్కేది.

ఇలాంటివి కడుపులో దాచుకోవడం ఎవరి తరం? లాండ్రీలో చెప్పేసింది. దుప్పటి మడత ఇద్దరి పని. చెరో కొసా పట్టుకుని లాగి, ఒకరి దగ్గరికి ఒకరు నడిచి కొసలు కలపాలి. ఎదుటి కొస పట్టుకునే ఆవిడ మొగుడు మంచినీళ్లు కూడా అడిగి తెప్పించుకునే రకం. "ఇంత వయసొచ్చాక నీ కోసం సీటు దించుతున్నాడా! పెట్టి పుట్టావు మడతమ్మా," అంది ఆవిడ. ఆమె మొహం ఆవిరికి ఎర్రబడిందో మరెందుకు ఎర్రబడిందో తెలీలేదు.

అతను ఆలస్యంగా రావడం మొదలుపెట్టినా ఆమె అందుకే ఊరుకుంది. పిండి పొంగలేదనేవాడు, పొయ్యి రాజుకోలేదనేవాడు, సందులో గుంతలు తవ్వారు, దిగి నడిపించుకొచ్చాననేవాడు. పనిలో ఆమెకి సూపర్‌వైజర్ చేత అక్షింతలు పడేవి. పడనీ, సీటు దించే మొగుడికి ఆ మాత్రం ఆలస్యం చెల్లుతుందనుకుంది. కొత్త చెప్పులు అప్పుడే అరిగిపోయాయంటే బేకరీ నేలని తిట్టింది.

ఒకనాడు ఆస్పత్రికి పోతుంటే దారిలో చైనుకవరు ఊడి గణగణలాడింది. పానా తీసి బిగించుకుంది. నిద్ర చాలని చెయ్యి, పానాని గుడ్డసంచిలో వెయ్యాల్సింది పోయి అన్నం సంచిలో వేసింది. అది ఆమెకి గుర్తు లేదు. మర్నాడు పొద్దున క్యారేజీ పెట్టుకోబోతే చేతికి చల్లగా తగిలింది.

"అయ్యో రాత," అనుకుంది. నిన్న సాయంత్రం పానా లేకుండా అతను ఎంత అవస్థ పడ్డాడో. ఆ పొట్టి సీటు మీద, మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే, ఊరవతలి బేకరీ దాకా ఎలా తొక్కాడో. తిట్లకి సిద్ధపడి, పానా చేత్తో పట్టుకునే గబగబా మెట్లు దిగింది. అతను అప్పుడే గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తల మీద, కనుబొమల మీద పిండి. ఆమె నోరు తెరిచేలోపే, రోజూలాగే, "సీటు దించి ఉంచాను, ఎక్కు," అన్నాడు.

ఆమె చెయ్యి సంచిలోకి వెనక్కి పోయింది.

సీటు ఆమె ఎత్తుకే ఉంది. నిన్న ఆమె దిగినప్పుడు ఎంత ఎత్తున ఉందో అంతే. పానా లేకుండా అది పెరగలేదు. పెరగనిది దిగలేదు. ఆ ఎత్తున నిచ్చెనలాంటి మనిషి కూర్చుని తొక్కలేడు. ఆమె అతని మొహం చూడలేకపోయింది. కళ్లు చెప్పుల మీదికి పోయాయి. మడమ దగ్గర అరిగి అట్టముక్కల్లా ఉన్నాయి. సైకిలెక్కి పోయింది.

నడుస్తున్నాడు. రాత్రంతా నిలబడి, ఆ కాళ్లతోనే ఊరవతలి నుంచి ఇంటికి నడుస్తున్నాడు. ఎన్నాళ్ల నుంచో! గేటు దగ్గర వంగి మోకాళ్లు నొక్కుకోవడం చూసి కూడా, నిలబడే పని కదా అనుకుంది. మోకాళ్లు వంగక పెడల్ తిప్పలేక నడుస్తున్నాడు. మరి సైకిలెందుకు వెంట? తొక్కలేని మనిషికి పట్టుకుని నడవడానికేదో ఒకటి కావాలి. కర్ర పట్టుకుంటే పెళ్లాం అడుగుతుంది, సైకిలు పట్టుకుంటే ఎవరడుగుతారు?

"ఇవాళా దించాడా?" అంది దుప్పటి అవతలి కొసన ఉన్నావిడ.

"దించాడు," అంది ఆమె.

ఆ రోజు ఆమె మడతలు ఒక్కటీ సరిగ్గా కుదరలేదు. ముందు మండుకొచ్చింది. ఇంత పిచ్చిదాన్ని చేస్తాడా, పదిమందిలో గొప్పలు పోయానే అని. తర్వాత ఆ నిదానమంతా గుర్తొచ్చింది. ఒక రాత్రి రెండు రాత్రులు కావడం, ప్రతి చెట్టు కిందా కూర్చోవడం. అతను ప్రయాణాన్ని సాగదీయలేదు. తన మోకాళ్లు ఎంత దూరం ఒప్పుకుంటాయో అంతకి కోసుకుంటూ వచ్చాడు. తొక్కలేనని ఒక్కమాట అంటే గేటు దగ్గర చెప్పుకోవడానికి ఇంకేమీ మిగలదని భయపడ్డాడు. ఆమెకి ఆ భయం బాగా తెలుసు. తనదీ అదే. ఆవిరి గదిలో ఎవరి కళ్లు ఎందుకు తడిగా ఉన్నాయో ఎవరూ అడగరు, అదొక్కటి మేలు.

సాయంత్రం అతను గేటు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆమె దిగి స్టాండు వేసింది.

"కాలవ రేవు దాటాక చిన్న ఎత్తుందట," మొదలుపెట్టాడు. "అక్కడ దిగి..."

"ఇదిగో, నా వల్ల కాదు," అంది ఆమె.

"ఏది?"

"తొక్కడం. ఓపిక లేదు నాకు. రోజంతా నిలబడి నిలబడి కాళ్లు కట్టెలైపోయాయి. సముద్రం దాకా ఎవరు తొక్కుతారు?"

అతని మొహంలో రంగు పోయింది. "అయితే మానేద్దామంటావా?" అన్నాడు. చేతిలోది లాగేసుకుంటే పసివాడు చూసినట్టు చూశాడు. ఆమె ఇంక ఆగలేకపోయింది.

"మానడమెందుకు? నడిపించుకుంటూ పోదాం. రెండో సైకిలు కూడా వద్దు, ఈ ఒక్కటీ చాలు. సామాను దీని మీద వేద్దాం, చెరో పక్క పట్టుకుందాం. నిదానమే ప్రధానమని నువ్వేగా అన్నావు."

"నడిస్తే ఎన్నాళ్లు పడుతుందే?"

"పట్టనీ."

అతను ఏదో అనబోయాడు. ఆమె సంచిలోంచి పానా తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇది నిన్న పొద్దున్నుంచీ నా సంచిలోనే ఉండిపోయింది," అంది.

అతను పానా వైపు చూశాడు. సీటు వైపు చూశాడు. కిటికీ వెనక మిషన్ చప్పుడు ఆగింది. వదిన చెవులు ఎప్పుడూ వీధిలోనే ఉంటాయి.

"ముందే చెప్పాల్సింది," అన్నాడు. "చెప్తే... నువ్వు సముద్రం మాటే ఎత్తవనిపించింది."

"రేపు వచ్చాక పడుకోకు. నాతో ఆస్పత్రికొచ్చి ఆ మోకాళ్లు చూపించుకో. నిద్ర తర్వాత పోవచ్చు."

"బేకరీలో తెలిస్తే..."

"తెలిసినప్పుడు చూద్దాం."

అతను పానాని గుడ్డసంచిలో వేసి, స్టాండు తీశాడు. సీటు పెంచుతున్నట్టు నటించే పని ఇక లేదు. ఆమె పైకెళ్లి పడుకోవాలి. కళ్లు మండుతున్నాయి, నడుం పట్టేసింది. మెట్ల వైపు ఒకసారి చూసి, వెనక్కి తిరిగొచ్చి, సైకిలుకి అటుపక్క హ్యాండిల్ పట్టుకుంది.

"మలుపు దాకా వస్తాను."

"వద్దే, అలిసిపోయావు."

"నువ్వు అలిసిపోలేదా?"

ఇద్దరూ నడిచారు. అతని వైపు హ్యాండిల్ కిందికి ఒరిగిపోతోంది. ఇటు ఆమె గట్టిగా నొక్కిపెట్టకపోతే సైకిలు అతని మీదికే పడేలా ఉంది. ఇన్నాళ్లూ ఈ మనిషి ఎంత బరువు దీని మీద మోపుతూ నడిచాడో ఆమె అరచేతికి అప్పుడు తెలిసింది. కాలవ గట్టు గురించి అతను చెబుతున్నాడు, తడబడుతూ, మధ్యమధ్య ఆగుతూ. ఆమె మొత్తం విన్నది. మలుపు వచ్చింది. ఆమె హ్యాండిల్ వదల్లేదు.