పొరుగు గోడల వేడి

త్సోనాకి పక్కింటి పసివాడి మీద ప్రేమ ఎక్కువా, వాడి గదిలోని రేడియేటర్ మీద ప్రేమ ఎక్కువా? కన్నకూతురు జివ్కాని అడిగినా ఈ ప్రశ్నకి జవాబు దొరకదు. ఎన్నాళ్లుగానో జివ్కా తనని తానే అడుగుతోంది. ఒకరోజు ఒక జవాబు తడుతుంది. మర్నాటికి అది తప్పనిపిస్తుంది. కథ చెప్పేవాళ్లకీ అంతకన్నా తెలిసిందేమీ లేదు.

పేర్నిక్ బొగ్గు గనుల ఊరు. చలికాలం అక్కడ తెల్లబట్టలు ఆరేస్తే బూడిదరంగులో చేతికొస్తాయి. ఆ ఊళ్లో ఒక ఎనిమిదంతస్తుల భవనంలో, నాలుగో అంతస్తులో, సరిగ్గా నడిమధ్య ఇల్లు త్సోనాది. పైన ఒక ఇల్లు, కింద ఒక ఇల్లు, అటొకటి ఇటొకటి. వయసులో ఉన్నప్పుడు ఆమెకి విటోషా కొండ కనబడే మూల ఇల్లు ఉండేది. వేడికి బిల్లులు రాబోతున్నాయని వినగానే దాన్ని ఒక రైల్వే గుమాస్తాకి ఇచ్చేసి, బదులుగా గోడ తప్ప ఏమీ కనబడని ఈ ఇల్లు తీసుకుంది. ఆమెకి మతి పోయిందనుకున్నారు అందరూ. కొండని చూస్తూ కూర్చుంటే కాళ్లు వెచ్చబడతాయా అని ఆమె తిరిగి అడిగింది.

నిజానికి పాత సర్కారు రోజుల్లో ఆమెకి పొదుపంటే ఏమిటో తెలియదు. అప్పుడు గదులు వెచ్చబెట్టే రేడియేటర్లకి తిప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఊరి బాయిలర్ కేంద్రం నుంచి గొట్టాల్లో వేడినీళ్లు వచ్చినంతసేపూ ఇల్లు కుతకుతలాడేది. మంచు కురుస్తుంటే త్సోనా కిటికీ బార్లా తెరిచి, ఒట్టి లోలంగాతో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ పొట్టు వీధిలోకి ఊసేది. సర్కారు బొగ్గు, మండనీ, అనేది. తర్వాత ఆ సర్కారు పోయింది, బిల్లులు పంపే సర్కారు వచ్చింది. ప్రతి రేడియేటర్‌కీ వేడిని లెక్కపెట్టే చిన్న పెట్టె ఒకటి, తిప్పుకునే నాబ్ ఒకటి బిగించారు. బిగించిన మనిషి ఇంకా మెట్లు దిగుతుండగానే త్సోనా ఇంట్లో ఉన్న నాబ్‌లన్నీ మూసేసింది. ఆనాటి నుంచి వాటిని తెరవలేదు. చచ్చేదాకా తెరవనని భవనం మొత్తానికీ చెప్పుకుంది. ఆమెకి ఉన్న గొప్ప అదొక్కటే. వేరే ఆడవాళ్లు కొడుకుల ఉద్యోగాలు చెప్పుకునేవారు, కట్టించుకున్న పళ్లు చూపించుకునేవారు. త్సోనా మాత్రం ఇంటికొచ్చినవాళ్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి రేడియేటర్ మీద పెట్టేది.

"చూడు. శవంలా లేదూ?"

అంటూ ఉత్తికాళ్లతో నేలమీద అటూ ఇటూ నడిచి చూపించేది. చుట్టూ నాలుగిళ్లూ మండుతుంటే మధ్యలో ఉన్నదానికి చలేమిటి?

అయితే నాలుగిళ్లూ వాటంతటవి మండవు. వాటిని మండించడానికి త్సోనా చాలా కష్టపడేది. పై ఇంట్లో మెతోదీ ఉండేవాడు. గని కార్మికుల బ్యాండులో ట్రాంబోన్ బాకా ఊది రిటైరైనవాడు, భార్య పోయినవాడు, ఆ మెట్లదారి ఇళ్లన్నిటికీ పెద్దగా ఎన్నికైనవాడు. త్సోనా అతనికి చీజ్ పొరలు పెట్టి కాల్చిన వేడి వేడి బానిత్సా పట్టుకెళ్లేది. పళ్లెం చేతికందిస్తూనే, ఏదో ఆనుకున్నట్టు, తుంటితో రేడియేటర్‌ని తాకి చూసేది.

"మెతోదీ, ఊపిరితిత్తుల మీద బతికినవాడివి. ఈ వయసులో వాటికి గాలి తగిలిందంటే నిన్ను మోసుకెళ్లడానికి మీ బ్యాండే రావాలి."

"నాకు ఉక్కగా ఉంది త్సోనా అక్కా."

"ఉక్క లోపలిది. జ్వరానికి ముందు అలాగే ఉంటుంది. కొంచెం తిప్పు."

మెతోదీ తిప్పేవాడు. పక్కింట్లో రాలిత్సా అనే పిల్లతల్లి ఉండేది, మొగుడు లారీ తోలుకుంటూ దేశాలు తిరుగుతుంటాడు. ఆమె కొడుకు బోరిల్‌కి నడక వచ్చీరాని వయసు. త్సోనా వాడి ముక్కు పట్టుకుని చూసి పెదవి విరిచేది, రాలిత్సా పరుగున వెళ్లి నాబ్ పెంచేది. అలాగని త్సోనాది ఉత్త నాటకం అనడానికీ లేదు. రాలిత్సా డ్యూటీకి పోతే వాణ్ణి చూసుకునేది ఆమే. వాడికి జ్వరమొస్తే భుజాన వేసుకుని, గని పాటలు కూనిరాగం తీస్తూ, చెయ్యి పడిపోయేదాకా తిప్పింది. అక్కడే జివ్కాకి లెక్క తప్పేది.

జివ్కా ఉండేది తల్లికి సరిగ్గా కింద ఇంట్లో. ఆమెది వేరే జబ్బు. తన చిన్నతనంలో కరెంటు, వేడినీళ్లు వంతులవారీగా వచ్చిన చలికాలం ఒకటి గడిచింది. చేతితొడుగులు వేసుకుని, కొవ్వొత్తి దగ్గర ఎక్కాలు రాసింది. పెద్దయ్యాక ఇంకెప్పుడూ చలి అనే మాట వినకూడదనుకుంది. జనవరిలో చేతుల్లేని చొక్కా వేసుకుని, నాబ్‌లన్నీ చివరి అంకె మీద పెట్టుకుని, ఐస్‌క్రీమ్ తినేది. తల్లి వారానికోసారి తలుపు తట్టేది.

"ఏమే, ఇవాళ నా నేల కాస్త చల్లబడింది. ఒంట్లో బాగానే ఉందా నీకు?"

"నా ఒళ్లు బాగానే ఉంది. నీ నేల సంగతి నాకెందుకు?"

"నీ ఇంటి కప్పే కదే నా నేల."

ఒంట్లో బాగుందా అన్న ప్రశ్న తన కోసమా, నేల కోసమా అని జివ్కా తలుపేసుకున్నాక ఆలోచించేది. ఆ ఆలోచన తెమిలేది కాదు. ఐస్‌క్రీమ్ కరిగిపోయేది.

ఇలా ఉండగా జివ్కా కూతురు బిలియానా సోఫియా నగరం నుంచి వచ్చేసింది. కంప్యూటర్ పని, ఇంట్లోంచే చేసుకోవచ్చట. వచ్చిన రోజే ఇంట్లో నాబ్‌లన్నీ సగానికి దించి, తల్లి చేతిలో ఒక ఉన్ని స్వెట్టర్ పెట్టింది.

"అమ్మా, ఇది ఇల్లా, టమాటాలు పెంచే గాజు షెడ్డా? మనం వెచ్చగా ఉండడానికి ఎంత బొగ్గు కాలుతోందో తెలుసా? బయట గాలి పీల్చావా అసలు?"

"ఆ గాలి పీల్చే పెరిగాను. చలి కూడా తిని పెరిగాను."

"అది ఎప్పటి చలి? దానికి ఇప్పుడు నిప్పు పెట్టుకుంటే ఎలా?"

"నువ్వు ఆ చలిలో లేవు కాబట్టి వాగుతున్నావు."

మర్నాటికే పై నుంచి త్సోనా దిగొచ్చింది. నేల చల్లబడిందిగా. విషయం విని, జీవితంలో మొదటిసారి కూతురి పక్షాన నిలబడింది.

"దాన్ని మండించుకోనియ్యవే. కష్టపడి సంపాదించుకుంటోంది."

"అమ్మమ్మా, నువ్వు నన్ను మెచ్చుకోవాలి కదా? నువ్వూ పొదుపే, నేనూ పొదుపే."

"నాది పొదుపు. నీది మతం. మతంలో కలిసినవాళ్లు ఊరందర్నీ కలుపుకోవాలని చూస్తారు."

ఆ మాట నిజమైంది. బిలియానా మెతోదీని పట్టుకుని మెట్లదారి సభ పెట్టించింది. అందరూ ఎవరి దిండు వాళ్లు తెచ్చుకుని మెట్ల మీద కూర్చున్నారు. బేస్‌మెంట్‌లోని పీపాల్లోంచి పులిసిన క్యాబేజీ వాసన పైకి వస్తోంది. బిలియానా వేడిని రంగుల్లో చూపించే కెమెరాతో భవనం ఫొటో తీసుకొచ్చింది. గోడలన్నీ ఎర్రగా ఉన్నాయి. మధ్యలో ఒక్క ఇంటి కిటికీల కింద మాత్రం నీలంగా ఉంది. అది ఎవరిదో చెప్పక్కర్లేదు. తలలన్నీ త్సోనా వైపు తిరిగాయి. ఆమె శాలువా సర్దుకుంది.

"చూడండి," అంది బిలియానా. "ఒక ఇల్లు పూర్తిగా మూసేసుకున్నా చుట్టుపక్కల గోడల్లోంచి దానికి కావలసినంత వేడి వచ్చేస్తుంది. ఒకరి వేడి ఇంకొకరు తాగుతున్నారన్న మాట. ఇది న్యాయమా? అందుకని అందరం ఒకే అంకె మీద, తక్కువలో పెట్టుకుందాం."

మెట్ల మీద వాళ్లంతా ఫొటో మీదికి వంగారు.

"అంటే," అన్నాడు మెతోదీ నెమ్మదిగా, "పూర్తిగా మూసుకున్నా హాయిగా బతకొచ్చన్న మాట."

"నేను చెప్పేది అది కాదు మెతోదీ గారూ."

"లేదమ్మా, బాగా అర్థమైంది. చదువుకున్న పిల్లవి, చక్కగా చెప్పావు."

అప్పుడు త్సోనా లేచి, ముసలివాళ్లూ పసివాళ్లూ ఉన్న చోట వేడి తగ్గించడం పాపమని, ఎవరి రేడియేటర్ వాళ్లు ధారాళంగా తెరుచుకోవాలని ఉపన్యాసమిచ్చింది. మరి మీ నాబ్ ఏ అంకె మీద ఉంటుంది అత్తా అని పై మెట్టు నుంచి ఎవరో అడిగారు. నా సంగతి వదిలెయ్యండి, నేను మీ మంచికోరి చెబుతున్నానంది. అందరూ నవ్వారు. బిలియానా మాటకి అందరూ చేతులెత్తి సరేనన్నారు. తర్వాత దిండ్లు చంకన పెట్టుకుని ఎవరి ఇళ్లకి వాళ్లు వెళ్లి, తలుపు గడియ వేసుకుని, ఉన్న నాబ్‌లన్నీ పూర్తిగా మూసేశారు. తామొక్కరే మూశామనుకున్నారు ప్రతివాళ్లూ. మిగతావాళ్లు వెర్రివాళ్లలా మండించుకుంటారని, ఆ వేడి గోడల్లోంచి తమ దగ్గరికి నడిచొస్తుందని నమ్మారు. అమ్మమ్మకి సిగ్గు తెప్పించడానికి ఆ పిల్ల తెచ్చిన ఫొటో, ఆ మెట్లదారి అంతటికీ అమ్మమ్మ విద్యే నేర్పిపెట్టింది.

జనవరిలో వచ్చే సూర్వా పండగ ముగిసి, తోలు వేషాలవాళ్ల గంటలు ఊళ్లో సద్దుమణిగాక చలి దిగింది. మెట్ల మీద మాట్లాడితే నోట్లోంచి ఆవిరి రావడం మొదలైంది. అయినా ఎవరూ ఒప్పుకోలేదు. మెతోదీ ఇంట్లో కూడా బొచ్చుటోపీ పెట్టుకుని, "మా ఇంట్లో ఉక్కపోత" అనేవాడు. త్సోనా ముందు మేజోళ్లు తొడిగింది. వాటి మీద ఇంకో జత. ఆ పైన కోటు. ఒకరోజు పొద్దున్నే బానిత్సా చేసుకుని బయల్దేరింది. ప్రతి ఇంటా పళ్లెం అందించి, తుంటి ఆనించి చూసింది. ఆఖరున జివ్కా ఇంటికొచ్చి సోఫాలో కూలబడింది.

"మెతోదీది శవం. రాలిత్సాది శవం. అటుపక్క వాళ్లదీ శవమే. ఒక్కొక్కడూ దొంగే."

"మరి నువ్వు ఇన్నేళ్లూ చేసిందేమిటమ్మా?"

"నేనొక్కదాన్నే చేశాను. అందుకే చెల్లింది. అందరూ చేస్తే ఎవడి దగ్గర తీసుకోవాలి?"

బిలియానా ఏడుపు మొహంతో ఇల్లిల్లూ తిరిగి మళ్లీ వివరించింది. అందరూ ఆమెకి మూలికల టీ ఇచ్చారు, నువ్వు చెప్పినట్టే చేస్తున్నామన్నారు.

"పైకొచ్చి నీ నాబ్ నేనే తిప్పనా?" అంది జివ్కా తల్లితో.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తా."

"పోనీ కిందికి వచ్చి మాతో ఉండు."

"మీ ఇంట్లో ఇప్పుడు రాజ్యం ఆ పిల్లది. దాని దేవుడు చలి దేవుడు. నేను రాను."

త్సోనా కోటు బొత్తాలు పెట్టుకుని పైకి వెళ్లిపోయింది. ఇన్నేళ్ల పట్టు ఒక చలికాలానికి విడిచేలా లేదు. గడ్డకట్టినా సరే తెరవదని జివ్కాకి అర్థమైంది. ఆ వారంలోనే బోరిల్‌కి దగ్గు మొదలైంది. ఆ భవనంలో గోడలు వేడినే కాదు, దగ్గునీ దాచవు.

ఆదివారం మధ్యాహ్నం జివ్కా గిన్నెలో కోడి సూప్ పట్టుకుని పైకి వెళ్తుంటే రాలిత్సా ఎదురైంది.

"వాడికి నయమైంది జివ్కా అక్కా. రెండు రోజులుగా బాగా నిద్రపోతున్నాడు. మంచం పక్క గోడ వెచ్చగా ఉంటోంది. మెతోదీ గారు పెంచినట్టున్నారు, దేవుడు చల్లగా చూడాలి."

మెతోదీ ఇల్లు ఆ గోడకి అవతల లేదు. జివ్కా ఏమీ అనకుండా తల్లి తలుపు తోసింది.

త్సోనా వంటింట్లో కోటుతో, బొచ్చుటోపీతో కూర్చుని కాఫీ తాగుతోంది. నోట్లోంచి వచ్చే ఆవిరి, కప్పులోంచి వచ్చే ఆవిరి కలిసిపోతున్నాయి. జివ్కా సూప్ పొయ్యి మీద పెట్టి, కూర్చోవడానికి కుర్చీ కోసం చిన్నగదిలోకి వెళ్లబోయింది.

"అక్కడ కుర్చీల్లేవు. ఆ గదిలోకి పోకు," అంది త్సోనా.

జివ్కా అప్పటికే తలుపు తెరిచింది. వెచ్చటి గాలి మొహానికి తగిలింది. కిటికీ అద్దం నిండా చెమట పట్టింది. ఆ గదిలో త్సోనా కూర్చోదు, పడుకోదు. ఖాళీ సీసాలు, ఒక ఇనప మంచం, పక్కింటి గోడ, ఆ గోడని ఆనుకుని రేడియేటర్. నాబ్ చివరి అంకె మీద ఉంది. జివ్కా చెయ్యి పెట్టి చూసి, కాలి, వెనక్కి తీసుకుంది. త్సోనా కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"తెరిచావు," అంది జివ్కా.

"ఉల్లిపాయలు గడ్డకట్టేస్తాయని."

"ఏ ఉల్లిపాయలమ్మా?"

త్సోనా గదంతా ఒకసారి కలియజూసింది.

"అయిపోయినట్టున్నాయి."

"నువ్వు వంటింట్లో టోపీ పెట్టుకుని వణుకుతూ, ఇక్కడ ఖాళీ గదికి వేడి పెట్టావా? గోడవతల బోరిల్ మంచం ఉందని కాదూ?"

"వాడు అలా దగ్గుతూ ఉంటే వాడి తల్లి వాణ్ణి తీసుకుని పుట్టింటికి పోతుంది. ఇల్లు తాళం పడుతుంది. ఇక ఆ గోడ ఎప్పటికీ మంచుగడ్డే. నా గోడ నేను చూసుకున్నాను."

"అంతేనా?"

"ఇంకేం కావాలే నీకు?"

జివ్కా తన చెయ్యి చూసుకుంది. అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

"కింద నేను దగ్గి ఉంటే తెరిచేదానివా?"

త్సోనా కప్పులో మిగిలిన కాఫీ తాగింది. కప్పు ఇనప మంచం మీద పెట్టింది. రేడియేటర్ దగ్గరికి వచ్చి, నాబ్ మీద చెయ్యి వేసి, తిప్పకుండానే తీసేసింది. దొంగతనం చేస్తూ దొరికినా ఆమె మొహం అలా కందిపోయి ఉండేది కాదు. టోపీ కిందికి లాక్కుంది, తలుపు వెనక ఉన్న బజారు సంచీ చంకకి తగిలించుకుంది. ఎక్కడికమ్మా అని జివ్కా అన్నది ఆమెకి వినబడి ఉండాలి. వెనక్కి తిరగలేదు. తలుపు వెయ్యలేదు. కూతుర్ని ఆ వెచ్చటి గదిలోనే వదిలేసి, మెట్లు దిగడం మొదలుపెట్టింది.