మెట్ల కింద విడిచిన చెప్పులు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, కోడుమూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి కాలేజీలో చేరాను. అది నవాబుల కాలపు రాతి కట్టడం. మా ఊళ్లో పెద్దిళ్ల ముందు చెప్పులు విడిచే అలవాటు కొద్దీ, రోజూ మెట్ల కిందే విడిచి లోపలికి వెళ్లేవాణ్ణి. తక్కినవాళ్లు తొడుక్కునే తిరిగేవారు, వాళ్లకు చెల్లుతుందనుకున్నాను.

మార్చి ఎండకు లోపలి ఆవరణలో బండలు కాలి, ఒక మధ్యాహ్నం గెంతులు వేశాను. అందరూ నవ్వారు. ముసలి బంట్రోతు దగ్గరికొచ్చాడు.

"చెప్పులు యాడప్పా?"

"మెట్ల కాడ ఇడిసినా."

"ఈడ ఎవరూ ఇడవరు. ఇన్నాళ్లూ నీకెవరూ చెప్పలేదా?"

వాళ్ల నవ్వుకన్నా ఆ ప్రశ్నకే నాకు సిగ్గేసింది. ఎనిమిది నెలల్లో నన్ను పలకరించిన మొదటి మనిషి ఆయనే.

మరునాడు చెప్పులతోనే మెట్లెక్కాను. ఆ పొడవాటి వరండాలో నా అడుగుల చప్పుడు మొదటిసారి విన్నాను. తల తిప్పి చూసినవాళ్లు మాత్రం లేరు.