మగ్గం గుంటలో ఒక పూట

పక్కింటి అత్త ఆ రోజు నన్ను పిలిచిన సంగతి డైరీలో తప్ప ఎక్కడా చెప్పలేదు.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. తిరుత్తణిలో మాది నేతపని ఇల్లు. విరిగిన పాదానికి కట్టు విప్పిన డాక్టరు, బరువు మోపకుండా, కూర్చుని మాత్రమే పాదం ఆడించమన్నాడు. నాన్న నూలు కోసం తిరువళ్లూరు వెళ్లిన రోజు, పాకుతూ వెళ్లి మగ్గం గుంటలోకి దిగాను. పావడా మోకాళ్ల పైకి దోపి, కింది చెక్కలను మెల్లగా తొక్కాను. పాదం చెప్పినట్టు విన్నది. ఆ సంతోషంలో చాలాసేపు తొక్కాను.

పైకి రాబోతే వాచిన పాదాన్ని నేలకు ఆనించలేకపోయాను. ఇక ఎప్పటికీ నడవలేనేమోనని భయం పట్టుకుంది. అప్పుడే అత్త వాకిట్లోంచి, "పాపా, మగ్గం సద్దు ఇనపడె. మీ నాయన వచ్చేసినాడా?" అంది. ఆ అవతారంలో కనబడలేక ఊపిరి బిగబట్టాను. ఆమె వెళ్లిపోయింది. సాయంత్రం దాకా గుంటలోనే ఏడుస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు బాగానే నడుస్తున్నాను. ఆ సాయంత్రం నన్ను గుంటలోంచి పైకెత్తి, పాదం ఒళ్లో పెట్టుకుని నాన్న అడిగినదానికి మాత్రం ఇంకా జవాబు చెప్పలేదు.

"రేపట్నుంచి నేనే దింపుతా, కొంచేపే తొక్కు. అయినా పక్కన మీ అత్త ఉండాది గదా. ఒక్క కేకేసుంటే పరిగెత్తుకోని వచ్చుండదా మే?"