వదిన ఒక్కతే పాడాల్సిన రెండు లైన్లు

డిసెంబరు వచ్చిందంటే మా వైపు చర్చిల్లో క్వయర్ ప్రోగ్రాములు మొదలవుతాయి. మార్కాపురం, గిద్దలూరు, పొదిలి, ఎక్కడ పెట్టినా బస్సెక్కి పోతాను. నాకు పాడటం రాదు. పాడేవాళ్లకు వంకలు పెట్టడం మాత్రం బాగా వచ్చు. ఇంట్లో వాళ్లు దీన్ని నోటిదురుసు అంటారు. శ్రద్ధగా వినడమంటే ఇదేనని నా వాదన.

కొత్త హాళ్లకన్నా దొరల కాలంలో కట్టిన రాతి చర్చిలే నాకిష్టం. కప్పు ఎత్తుగా ఉంటుంది, మెల్లగా పాడినా చివరి బెంచీ దాకా వినిపిస్తుంది. ఈ సంగతి కీబోర్డు వాయించేవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. మనిషెత్తు స్పీకర్లు తెచ్చి పెడతారు. నిరుడు గిద్దలూరులో మూడు పాటలు విన్నాను, మూడింటికీ ఒకటే దరువు. అదేమని కీబోర్డాయన్ను అడిగితే, జోష్ ఉండాల గదక్కా అన్నాడు.

మా పెద్దన్న భార్య, అంటే మా వదిన, వాళ్ల పల్లె చర్చి క్వయర్లో పాడుతుంది. పన్నెండు మంది, అందరూ పొద్దంతా చేలల్లో పని చేసి వచ్చేవాళ్లే. రిటైరైన టీచరొకాయన సాయంత్రాలు నేర్పిస్తారు. వదినది ఆల్టో, పై గొంతుల కింద ఆనుకొని నడిచే గొంతు. ఇన్నేళ్లుగా పాడుతున్నా విడిగా ఆమె గొంతెలా ఉంటుందో మా అన్నకే తెలియదు.

ఈ ఏడాది టీచరుగారు మా తాతల నాటి కీర్తన ఒకటి తీసుకొని నాలుగు గొంతులకు కూర్చారు. మూడో చరణం ముందు అందరూ ఆగిపోవాలి. నాలుగు అంకెలు లెక్కపెట్టేంత నిశ్శబ్దం. తర్వాత వదిన ఒక్కతే రెండు లైన్లు, ఆ పైన అందరూ. ఆ రెండు లైన్లు సాధన చేస్తూ వదిన మిరప చేలో ఒక సాలు వదిలేసి ఇంకో సాల్లోకి పోయి మేస్త్రితో తిట్లు కూడా తిన్నది.

మొదటి ప్రోగ్రాము మార్కాపురంలో. కీర్తన బ్రహ్మాండంగా సాగి, ఆగాల్సిన చోట ఆగింది. ఒకటి, రెండు. మూడు అనేలోగా ఆడవాళ్ల వైపు నుంచి చరణం లేచింది. మా దగ్గర అదొక అలవాటు. ముందర పాడేవాళ్లు ఆగారంటే మరిచిపోయారని అర్థం. తెలిసినవాళ్లు కింద నుంచి అందుకోవాలి, లేకపోతే వాళ్లను నలుగురిలో వదిలేసినట్టు. క్షణంలో మగవాళ్లూ కలిశారు. వదిన నోరు తెరవడం కనిపించింది. ఏం పాడిందో దేవుడికే వినపడాలి.

తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. నేను మార్కాపురం జనాన్ని మొత్తం కడిగేస్తుంటే ఆపింది.

"వాళ్లనేమనమాక అమ్మాయ్. సాయం చేసినారు పాపం." మళ్లీ కిటికీ వైపు తిరిగి అన్నది, "ఒక్కసారన్నా నా గొంతు నాకు ఇనపడతాదనుకున్న్యా."

మరుసటి వారం పొదిలి. నేను ముందే పోయి, నడుమ ఎవరూ అందుకోవద్దని ప్రకటించమని పాస్టరుగారిని అడిగాను. చర్చికొచ్చినోళ్లను పాడొద్దని నేనెట్ల చెప్పేదమ్మా అన్నాడాయన. పావుగంట వాదించాను. ఆయన మాటే సబబని మొదటి నిమిషంలోనే తెలిసింది గానీ, ఒప్పుకోవడం నా వల్ల కాలేదు.

ఇక నేనే బెంచీ బెంచీకీ తిరిగాను. నడుమ ఆగుతారు, మరిచిపోయి కాదు, పాటే అంత అని చెప్పుకుంటూ వచ్చాను. పాట ఎందుకాగుతుందని ఒకామె అడిగింది. నాకూ తెలియదు. నోరు మూసుకొని వింటే తెలుస్తుందన్నాను. మగవాళ్ల వైపుకూ పోయాను. వాళ్లు ఏమీ అడక్కుండా తలలూపారు.

కీర్తన మొదలయ్యాక ఒక అవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమెకు చెప్పే వీల్లేకపోయింది. పాట ఆగింది. చర్చి అంతా బిగుసుకొని ఉంది. నాలుగు అంకెలూ దాటాయి, వదిన ఎత్తుకోలేదు. అవ్వ నోరు తెరిచింది. నేను ఆమె చెయ్యి గట్టిగా నొక్కి పట్టుకున్నాను.

అప్పుడు వదిన పాడింది. బరువైన గొంతు, అంచున కాస్త జీర. తొందర లేదు, బతిమాలడం లేదు. ఇన్నేళ్లూ నన్ను అన్నానికి పిలిచిన గొంతే అది, నేను గుర్తుపట్టలేకపోయాను. రెండు లైన్లు అయిపోయాయి, మిగతా పదకొండు గొంతులూ వచ్చి కలిశాయి.

బయట మెట్ల మీద వదిన నా దగ్గరికొచ్చి, "ఇనపడిందమ్మాయ్" అన్నది. అంతే.

వెనకే అవ్వ తగులుకుంది. ఆ బిడ్డ ఒక్కత్తే అవస్థ పడతావుంటే అందరూ బెల్లం కొట్టిన రాళ్ల మాదిరి కూసున్నారేందని నన్ను నిలదీసింది. "తోడు పోదామంటే నా చెయ్యి ఇరిచినంత పని చేస్తివే. సదువుకున్నదానివి, అంత కనికరం లేకపాయెనా నీకు?"

జవాబు చెప్పబోయాను. వదిన అడ్డమొచ్చి, "రా అవ్వా, ఇప్పుడు పాడుదాం" అని ఆమె పక్కన నిలబడింది.

చెప్పుల కోసం వెతుక్కునే జనం మధ్య అవ్వ ఆ చరణమే తనకు తోచిన శ్రుతిలో ఎత్తుకుంది. వదిన ఒక్క క్షణం విని, ఆమె గొంతు కిందికి దిగి, అక్కడ ఆనుకొని పాడింది. రెండు లైన్లూ అయ్యాక అవ్వ, ఇప్పుడు బాగుందన్నది.