తప్పెట తాత ఎత్తిన కాలు

ఉద్యోగం దొరికిన కొత్తలో తనంత తెలివైన మనిషి ఇంకొకరు లేరనిపించే రోజులుంటాయి చూడండి, నావీ అలాంటి రోజులే. జానపద నృత్యాల చరిత్ర మీద ఏదో ప్రాజెక్టులో కాంట్రాక్టు పనికి చేరి, మెడలో కార్డు, భుజాన కెమెరా వేసుకుని, మా హిందీ ఊళ్ళో స్మృతి నగర్ నుంచి స్కూటీ మీద, స్టీలు ప్లాంటు క్వార్టర్లుండే సెక్టర్ 6కి వెళ్ళేదాన్ని. (నా తెలుగు అప్పటికి సగం హిందీ. మిగతా సగం మా అమ్మ తిట్లు.) అక్కడ కొడుకు క్వార్టర్లో తప్పెట తాత ఉండేవాడు. విజయనగరం వైపు నుంచి వచ్చి ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి. రొమ్ముకి రేకు తప్పెట కట్టుకుని ఆడే తప్పెటగుళ్ళు తెలిసినవాళ్ళలో మాకు దొరికింది ఆయనొక్కడే.

ఒక్కడివే ఆడి చూపించమంటే ససేమిరా అన్నాడు. వాళ్ళ జట్టులో ఒకడు చరణం ఎత్తుకుని కాలు లేపుతాడట, జోడీ జవాబు పాడాకే దించాలట. ఆ జోడీ ఊరెళ్ళిపోయి మంచం పట్టాడు. ఇద్దరూ కలిసి ఒక్కసారి రికార్డవ్వాలి, తాతకి ఇంకేమీ అక్కర్లేదు. అప్పుడు నా బుర్రకి తట్టింది, వీడియో కాల్.

సోఫా జరిపి, ఫోన్ని పప్పు డబ్బాకి ఆనించి మొదలుపెట్టాం. తాత చరణం ఎత్తుకుని కాలు లేపాడు. జవాబు రాదే! అంత పెద్దమనిషి కొంగలా ఒంటికాలి మీద ఊగిపోతుంటే కోడలు వెనక నుంచి బనీను పట్టుకుంది. అప్పుడొచ్చింది జవాబు. మళ్ళీ చరణం, ఈసారి ఇంకా ఆలస్యం. నవ్వాపుకోలేక చచ్చాను. ఫోన్ని కిటికీలోకి మార్చాను, నెట్‌వర్క్ కంపెనీవాళ్ళని హిందీలో చెడామడా తిట్టాను. కాలు దించు తాతా, కట్ చేసి మళ్ళీ కలుపుతానన్నాను.

తాత దించలేదు. ఫోను మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "నెట్టువర్కు బాగానే ఉందమ్మా. ఆడికే ఊపిరి అందట్నేదు. కట్టు సెయ్యకు."

నా నవ్వు నోట్లోనే ఉండిపోయింది. స్క్రీన్ మీద ముసలాయన పెదాలు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు. కోడలు తాత నడుం పట్టుకుంది, నేను భుజం పట్టాను. చాలాసేపటికి జవాబులో సగం వచ్చింది.

"సాల్రా, సాలు" అని తాత కాలు నేలకి ఆనించాడు.

ఆ వారంలోనే ఊరినుంచి కబురొచ్చింది. తాత మళ్ళీ తప్పెట కట్టలేదు.

ఆఫీసులో మేడమ్ వీడియో చూసి ఆ ఖాళీలన్నీ కత్తిరించమంది. వద్దన్నాను. (ఉద్యోగం పోలేదు గానీ మాట పడ్డాను.) ఇప్పటికీ అప్పుడప్పుడూ పెట్టుకుని చూస్తాను. ఇద్దరు ముసలివాళ్ళ పాటకంటే గట్టిగా అందులో వినిపించేది నా గొంతే, నెట్‌వర్క్‌ని తిడుతూ, పకపకా నవ్వుతూ. నోరుముయ్యవే పిల్లా, ఆయన పాడుతున్నాడు అని ప్రతిసారీ చెప్తాను. అది వినదు.