మట్టితో కట్టిన అడ్డగోడ

తమ్ముడితో పోట్లాడి మేడమీద అడ్డగోడ కట్టించిన మా మామగారికి ఆ కోపం నిజంగా ఉండేదా? పెళ్లయి తెనాలి వచ్చినప్పటినుంచీ నాకిదే సందేహం. ఆ తమ్ముడు రేపల్లె వెళ్లిపోయినా గోడ ఉండిపోయింది. ఒక గది హాలంత, రెండోది మంచం పట్టనంత. మా అబ్బాయిలిద్దరికీ సమానంగా ఉండాలని ఈ రోజు దాన్ని తీయించి నాలుగడుగులు జరిపిస్తున్నాం.

పైపూత రాలగానే మేస్త్రి ఆగిపోయాడు. "సిమెంటు కాదమ్మా, లోపలంతా మట్టే. ఎప్పటికైనా తీసేద్దామని కట్టిన గోడండి ఇది." ఇటుకలు ఒక్కటీ పగలకుండా చేతికి వస్తుంటే చూస్తూ నిలబడ్డాను.

"ఏంటలా చూస్తావు? అదంతా మీ మామగారి పిసినారితనం!" అని అత్తయ్య నవ్వారు. ఇటుక మీంచి చెయ్యి మాత్రం తీయలేదు.

కొత్త గోడకి సిమెంటా, మట్టా అని అడిగి మేస్త్రి వెళ్లాడు. మీరైతే ఏం చెబుతారు? నాకింకా తేలలేదు.